ఆమె తదనంతరం



ఈ ఉపన్యాసం ఏ పెద్దాయన పేరున జరుగుతోందో ఆయన సివిలు ప్లీడరు. క్రిమినలు కాగితం ముట్టుకునేవారు కాదు. ఆయన దగ్గరికి వచ్చే కేసుల్లో చాలావాటి సారం ఒకటే: భర్త పోయిన ఆవిడ అమ్మిన పొలం, ఆవిడ కన్నుమూశాక దాని మీదికి వచ్చిన పాలివాళ్లు. జూనియరు చేతికి దస్తావేజు ఇచ్చి ఆయన అడిగేవి కొద్ది ప్రశ్నలేనని చెబుతారు. ఈ ఆస్తి ఇప్పుడు ఎవరిది? తర్వాత ఎవరిది? ఆ తర్వాతివాడికి హక్కు ఇప్పటికే వచ్చేసిందా, ఇంకా రావాలా? ఆస్తి చట్టంలో ఎస్టేట్లనీ భావి హక్కులనీ పెద్ద పెద్ద పుస్తకాలు చెప్పేదంతా ఈ ప్రశ్నలకు జవాబే.

ఈ పాఠాన్ని ఇంగ్లండు రాజుల కాలం నుంచి మొదలుపెట్టే అలవాటు మన లా కాలేజీలకు ఉంది. నేను మచిలీపట్నం, పిఠాపురం, నెల్లూరు కాగితాలతో చెబుతాను. ఈ చట్టాన్ని మలుపు తిప్పిన పెద్ద తగాదాలు కొన్ని అక్కడివే. నేను చెప్పదలచుకున్నది దాచిపెట్టడం దేనికి, ముందే చెప్పేస్తాను. రాబోయేవాడి హక్కు పేరు చెప్పి ఉన్న మనిషి చేతులు కట్టేసే ఏర్పాటును కోర్టు అనుమానంగా చూడాలి. ఉన్న మనిషి తన రక్షణ కోసం తానే రాసుకున్న ఏర్పాటును గట్టిగా నిలబెట్టాలి. దస్తావేజులో మాత్రం రెండూ ఒకే వాక్యంలా కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది.

పొలం పంచుకోవడమంటే మధ్యలో గట్టు వేసుకోవడమని అందరికీ తెలుసు. గట్టు వేయకుండా కాలాన్ని బట్టి పంచే పద్ధతి ఒకటుంది. ఒక మామిడితోట ఉందనుకోండి. యజమాని తన వీలునామాలో, నా భార్య జీవితాంతం అనుభవించాలి, ఆమె తదనంతరం నా కొడుక్కి చెందాలి అని రాశాడు. తోట ఒకటే, సర్వే నంబరు ఒకటే, హక్కుదారులు మాత్రం ఇద్దరు. ఏటా వచ్చే కాపు ఆవిడది. అమ్ముకున్నా, ఊరంతా పంచిపెట్టినా అడిగేవాడు లేడు. చెట్లు కొట్టించి కలప అమ్ముతానంటే మాత్రం కొడుకు కోర్టుకు పోయి ఇంజంక్షన్ తెచ్చుకోవచ్చు. ఇంగ్లిషు చట్టం ఆవిడ హక్కును లైఫ్ ఎస్టేట్ అంటుంది, కొడుకు హక్కును రిమైండర్ అంటుంది. మన దస్తావేజు లేఖరులు దీన్ని ఎప్పుడో ఒడిసిపట్టారు. ఆవిడ గురించి జీవితపర్యంతం ఫలసాయం అనుభవించడానికి మాత్రమేననీ, దాన విక్రయాది హక్కులు లేవనీ రాస్తారు. కొడుకు గురించి పుత్రపౌత్ర పారంపర్యంగా సర్వహక్కులతో అని రాస్తారు.

ఇప్పుడు ఆ కొడుకు తల్లి కంటే ముందే పోయాడనుకుందాం. తోట ఏమవుతుంది? కక్షిదారులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. తల్లి పోయాకే కదా వాడికి వచ్చేది, వాడే లేకపోతే ఇంకేముంది అంటారు. అది తప్పు. 1882 ఆస్తి బదిలీ చట్టం 19వ సెక్షను ప్రకారం ఇలాంటి హక్కు వెస్టెడ్ హక్కు. అంటే ఇప్పటికే వచ్చి స్థిరపడ్డది. స్వాధీనం వాయిదా పడిందే తప్ప హక్కు వాయిదా పడలేదు. వీలునామాలకు వర్తించే 1925 భారత వారసత్వ చట్టం 119వ సెక్షను చెప్పేదీ ఇదే. కొడుకు పోతే ఆ హక్కు అతని వారసులకు దిగుతుంది. అతని భార్య, పిల్లలు, తల్లి అందులో వాటాదారులవుతారు.

అదే వీలునామాలో ఆయన, ఆమె తదనంతరం అప్పటికి జీవించి ఉన్న నా కొడుకులకు అని రాసి ఉంటే? ఆ మూడు మాటలతో హక్కు స్వభావమే మారిపోయింది. తల్లి కన్నుమూసే రోజుకు కొడుకు బతికి ఉండాలనే షరతు పడింది. ఆ షరతు తీరేదాకా అతనిది కంటింజెంట్ హక్కు, అంటే షరతు మీద వేలాడే హక్కు. ముందే పోతే అతని వైపు ఏమీ మిగలదు. చిన్న వయసులో భర్తను పోగొట్టుకున్న కోడలు, ఇద్దరు పిల్లలను పెట్టుకుని అత్తగారింట్లో ఉంటున్న మనిషి, ఒక వీలునామాలో తోటకు వారసురాలవుతుంది, ఇంకో వీలునామాలో బావగారి దయ మీద బతుకుతుంది. రెండు వీలునామాలూ రాసిన పెద్దమనిషి ఉద్దేశం ఒకటే అయి ఉండవచ్చు. బహుశా ఆయన ఈ సంగతి ఆలోచించి ఉండడు. లేఖరికి అలవాటైన మూస వాక్యం వచ్చి పడింది, ఆయన సంతకం పెట్టాడు. ఈ వృత్తిలో కొన్నేళ్లు ఉన్నవారికి ఇలాంటి కోడళ్లు తారసపడే ఉంటారు.

ఈ రెండింటికీ కింద మరో మెట్టు ఉంది. తండ్రి బతికుండగా, వీలునామా లేకుండా, ఆయన స్వార్జితం మీద కొడుకు పెట్టుకునే ఆశ. అది హక్కే కాదు. ఆ ఆశను అమ్మడం, కొనడం చెల్లదని ఆస్తి బదిలీ చట్టంలో 6వ సెక్షను ఏ క్లాజు చెబుతుంది. తండ్రి రేపు వీలునామా రాసి ఆస్తి గుడికి ఇచ్చేయవచ్చు. అయితే చిత్రమేమిటంటే, ఇలాంటి ఉత్త ఆశ పట్టుకునే దాదాపు వందేళ్లపాటు మన కోర్టులు నిండిపోయాయి. ఆ ఆశాపరులకు రివర్షనర్లు అని పేరు. మన ఊళ్లలో పాలివాళ్లు, దాయాదులు అనే మనుషులే కోర్టు గుమ్మం ఎక్కేసరికి రివర్షనర్లు అయ్యేవారు.

సంగతి ఇదీ. కొడుకులు లేకుండా, దాయాదుల నుంచి విడిపోయిన హిందువు పోతే ఆస్తి భార్యకు వచ్చేది. కాని పూర్తిగా కాదు. అది లైఫ్ ఎస్టేట్ కూడా కాదు. 1916లో జానకి అమ్మాళ్ కేసులో, అప్పట్లో మనకు చివరి కోర్టైన లండన్ ప్రీవీ కౌన్సిల్ చెప్పింది ఇది: ఆమెది యజమాని స్థానమే, అధికారాలకే పరిమితి ఉంది, ఆమె ప్రాణంతో ఉన్నంతకాలం వారసత్వంలో మరెవరికీ స్థిరమైన హక్కు లేదు. వినడానికి గౌరవంగానే ఉంది. కాని యజమాని అంటూనే అమ్మే చేతిని పట్టుకున్నారు. ధర్మకార్యానికో చట్టబద్ధమైన అవసరానికో అయితే తప్ప ఆమె చేసిన అమ్మకం ఆమె ప్రాణం పోయేదాకే నిలిచేది. ఆ తర్వాత భర్త వైపు దాయాదులలో ఎవరు దగ్గరైతే వారు వచ్చి, కొన్నవాడి నుంచి పొలం లాక్కునేవారు.

ఈ పరిమితి దాయాదులను కాపాడటానికే పెట్టారనుకుంటే, దాయాదులే లేని ఆవిడ సంగతేమిటి? ఆ ప్రశ్న మచిలీపట్నం నుంచి లండన్ దాకా వెళ్లింది. కావలి వెంకట నారాయణప్ప మీద మచిలీపట్నం కలెక్టరు నడిపిన కేసు అది. వారసులు లేని బ్రాహ్మణుడి ఆస్తి రాజుకు పోకూడదన్న స్మృతి వాదాన్ని ప్రీవీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. వారసులు లేకపోతే సర్కారుకే అంది. అక్కడితో ఆగలేదు. 1861 తీర్పులో, వితంతువు చేసిన అన్యాక్రాంతాన్ని సర్కారు కూడా ప్రశ్నించవచ్చని తేల్చింది. ఆమె అధికారానికి ఉన్న పరిమితి ఆమె ఎస్టేటులోనే అంతర్భాగమట, తర్వాత పుచ్చుకునేవాడు ఒకడున్నాడా లేడా అన్నదానితో నిమిత్తం లేదట. నా దృష్టిలో ఆ తీర్పు అసలు గుట్టు బయటపెట్టింది. ఎవరి కోసం కట్టడి అంటే, కాపాడవలసిన రాబోయేవాడు ఒక్కడూ లేకపోయినా కట్టడి ఉంటుందన్నమాట.

చట్టబద్ధమైన అవసరం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఆ కాలపు అమ్మకపు దస్తావేజులు చదవాలి. భర్త చేసిన అప్పులు, సర్కారు శిస్తు, కూతురి పెళ్లి, భర్తకు గయలో శ్రాద్ధం, ఇంటి మరమ్మతు, కోర్టు ఖర్చులు. నిజంగా ఆవిడ కడుపు నింపుకోవడానికే అమ్మినా దస్తావేజులో గయ వచ్చేది. కొనేవాడు తగిన విచారణ చేసి నమ్మకంగా కొన్నట్టు చూపించుకోవాలి. 1856లో హనుమాన్ ప్రసాద్ పాండే కేసులో మైనరు ఆస్తి విషయమై ప్రీవీ కౌన్సిల్ పెట్టిన ఆ సూత్రాన్ని వితంతువుల అమ్మకాలకూ వర్తింపజేశారు. ఇంత పూచీ నెత్తిన పెట్టుకుని కొనేవాడు పూర్తి ధర ఎందుకిస్తాడు? ఆవిడ పోయాక పన్నెండేళ్లలోగా ఎవడో దావా వేస్తాడన్న భయం ధరలో కోతగా పడేది. ఆ కోత భరించింది దాయాది కాదు, ఆవిడే. పైగా 1877 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో 42వ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి అచ్చంగా ఇదే: కొడుకులు లేని హిందువు వితంతువు ఆస్తి అమ్మితే, ఆమె బతికుండగానే, అది ఆమె జీవితకాలం దాటి చెల్లదని ప్రకటించమని కాబోయే వారసుడు దావా వేయవచ్చు. ఉత్త ఆశ అమ్మకానికి పనికిరాదు గాని దావాకు పనికొచ్చింది.

1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు జరిపించిన పెళ్లి ఆ చట్టం అండతోనే చెల్లింది. కాని ఆ చట్టంలోనే రెండో సెక్షను ఉంది. మళ్లీ పెళ్లాడిన వితంతువుకు మొదటి భర్త ఆస్తిలో మనోవర్తిగా గాని, వారసత్వంగా గాని ఉన్న పరిమిత హక్కు, ఆమె ఆ రోజే చనిపోయినట్టుగా భావించి ముగిసిపోతుందని అందులో రాశారు. మెడలో తాళి పడిన క్షణంలో రివర్షనరుకు ఆస్తి దక్కేది. పెళ్లికి వచ్చి ఆక్షేపించిన దాయాదుల్లో శాస్త్రభక్తి ఎంతమందిదో నాకు తెలియదు గాని, పెళ్లయితే తమకే లాభమని తెలిసినవాళ్లు కూడా కొందరు ఉండే ఉంటారు. ఆ చట్టాన్ని 1983లో రద్దు చేశారు.

ఇదంతా చట్టమే చెప్పిన వారసత్వం సంగతి. యజమాని స్వయంగా తరతరాలను శాసించాలనుకుంటే? అది మగవాళ్ల సరదా, ముఖ్యంగా జమీందార్ల సరదా. కలకత్తాలో ప్రసన్నకుమార్ ఠాగూర్ కొడుకు జ్ఞానేంద్రమోహన్ క్రైస్తవం పుచ్చుకున్నాడు. తండ్రి 1862లో వీలునామా రాసి కొడుక్కి ఏమీ లేకుండా చేశాడు. తన సోదరుడి కొడుకు జతీంద్రమోహన్‌కు జీవితాంతం, తర్వాత ఆయన పెద్దకొడుక్కి, ఆ కొడుకు పెద్దకొడుక్కి అంటూ ఇంగ్లండు ప్రభువుల పద్ధతిలో మగ సంతతికి గొలుసు అల్లాడు. 1872లో ప్రీవీ కౌన్సిల్ ఆ గొలుసు తెంపింది. హిందూ ధర్మంలో లేని కొత్త రకం వారసత్వాన్ని ఒక మనిషి తన ఇష్టానుసారం సృష్టించలేడనీ, తాను పోయేనాటికి నిజంగానో, తల్లి కడుపులోనో లేనివాడికి ఏమీ ఇవ్వలేడనీ చెప్పింది. జతీంద్రమోహన్ జీవిత హక్కు నిలిచింది. ఆ పైన మిగిలింది ఎవరికి? వారసుడికి. అంటే ఏ కొడుకును తోసేశాడో ఆ కొడుక్కే. ఆ ప్రసన్నకుమారే తన వీలునామాలో కలకత్తా విశ్వవిద్యాలయానికి ఇచ్చిన సొమ్ముతో ఠాగూర్ లా లెక్చర్లు పెట్టారు. ఆయన ఏర్పాట్లలో అనుకున్నట్టు జరిగింది ఆ ఉపన్యాసాలే.

ఆ తీర్పుతో పుట్టబోయే మనవడికి మనస్ఫూర్తిగా ఇచ్చే దానాలు కూడా పోయాయి. అందుకని ముందు మద్రాసులో 1914లో, తర్వాత దేశానికి 1916లో చట్టాలు తెచ్చి, హద్దుల్లో పెట్టి అనుమతించారు. ఆ హద్దులు ఆస్తి బదిలీ చట్టం 13, 14 సెక్షన్లలో ఉన్నాయి. పుట్టనివాడికి ఇస్తే ముందొకరికి హక్కు ఇచ్చి, మిగిలింది మొత్తం వాడికివ్వాలి. పుట్టనివాడికి జీవిత హక్కు మాత్రమే ఇస్తానంటే కుదరదు. ఎంత దూరం వాయిదా వేసినా, ఇప్పుడు బతికున్నవాళ్ల జీవితకాలం, దాని మీద ఒక మైనరు మేజరయ్యే గడువు దాటకూడదు. ఇంగ్లండులో 1682 నాటి నార్‌ఫోక్ డ్యూక్ కేసుతో వేళ్లూనిన నియమం ఇది. అక్కడ దీన్ని మూడు వందల ఏళ్లు మెలికలు తిప్పి, చివరికి 2009 చట్టంతో 125 ఏళ్ల గడువుగా మార్చుకున్నారు. మన పద్ధతే నయం. అంకె కాదు, మనుషుల ఆయుష్షు కొలమానం.

పిఠాపురం సంగతి ఒక ముక్క. జమీ విభజించడానికి వీల్లేని ఎస్టేటు అయినా జమీందారు దాన్ని వీలునామాతో ఎవరికైనా ఇవ్వవచ్చని 1899లో పిఠాపురం కేసులో ప్రీవీ కౌన్సిల్ చెప్పేసరికి, పెద్దకొడుకులకు గుండె జారింది. మద్రాసు ప్రభుత్వం 1904లో ఇంపార్టిబుల్ ఎస్టేట్స్ చట్టం చేసి ఆ జమీలను అన్యాక్రాంతం కాకుండా కట్టేసింది. చూడండి, పెద్దకొడుకుల ఆశకు హాని అనగానే చట్టం ఎంత చురుగ్గా కదిలిందో. వితంతువుకు కదలడానికి 1937 దాకా ఆగింది. అప్పుడు కూడా ఇచ్చింది పరిమిత హక్కే.

పూర్తి హక్కు 1956 జూన్ 17న వచ్చింది. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ఒకటో ఉపసెక్షను, హిందూ స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తి చట్టానికి ముందు వచ్చినా తర్వాత వచ్చినా ఆమె పూర్తి యజమానిగానే అనుభవిస్తుందంది. ఒక్క వాక్యంతో రివర్షనర్ల వందేళ్ల ఆశ తుడిచిపెట్టుకుపోయింది. ఇక్కడో చిన్న వింత. ఆస్తి బదిలీ చట్టంలో పోయినవాడి చేతిని కట్టేసేదీ 14వ సెక్షనే, ఇక్కడ ఆవిడ చేతిని విప్పేదీ 14వ సెక్షనే. అయితే దీనికి రెండో ఉపసెక్షను అనే తోక ఉంది. దానం, వీలునామా, డిక్రీ వంటి పత్రం ద్వారా వచ్చిన ఆస్తిలో ఆ పత్రమే పరిమిత హక్కు అని రాసి ఉంటే ఒకటో భాగం వర్తించదు. ఇంటి తలుపు తీసి, దొడ్డి గుమ్మానికి తాళం వేసినట్టుంది ఈ ఏర్పాటు.

ఆ తాళం సంగతి తేల్చింది నెల్లూరు తులశమ్మ గారి కేసు. వివరంగా చెప్పుకోవలసిన కేసు. ఆమె భర్త తన సవతి తమ్ముడు శేషారెడ్డితో ఉమ్మడిగా ఉంటూ 1931లో పోయారు. ఉమ్మడి ఆస్తి తమ్ముడికి దక్కింది, ఆమెకు మిగిలింది మనోవర్తి. 1944లో నెల్లూరు మున్సిఫు కోర్టులో ఆమె మనోవర్తి కోసం దరఖాస్తు పెట్టారు, అదీ కోర్టు ఫీజు కట్టే స్తోమత లేనివారి కింద. డిక్రీ వచ్చింది. అమలులో ఉండగా 1949లో రాజీ కుదిరింది. కొన్ని ఆస్తులు ఆమెకు ఇచ్చారు. షరతు తెలిసిందే: జీవితాంతం అనుభవించాలి, అమ్మకూడదు, ఆమె తదనంతరం మళ్లీ తమ్ముడికి చేరాలి. 1956 వచ్చింది, వెళ్లింది. 1960లో ఆమె కొంత కౌలుకు ఇచ్చారు, 1961లో కొంత అమ్మారు. ఆ ఏడే శేషారెడ్డి దావా వేశారు.

ఇక కోర్టుల వంతు. మున్సిఫు కోర్టు ఆయన వైపు. జిల్లా జడ్జి ఆమె వైపు. హైకోర్టు మళ్లీ ఆయన వైపు. రాజీ అనే పత్రంలో పరిమిత హక్కు అని రాసి ఉంది కనుక రెండో ఉపసెక్షను కిందికి వస్తుందనేది వాదన. 1977 మార్చి 17న సుప్రీంకోర్టులో భగవతి, గుప్తా, ఫజల్ అలీ గార్ల ధర్మాసనం ఆమె వైపు తీర్పు చెప్పింది. ఆ రాజీ ఆమెకు కొత్తగా ఏమీ ఇవ్వలేదు, ముందే ఉన్న మనోవర్తి హక్కుకు బదులుగానే ఆస్తి వచ్చింది అన్నారు. ముందే హక్కు ఉన్న మనిషికి ఇచ్చినప్పుడు రెండో ఉపసెక్షను పనిచేయదు, పత్రంలో ఎన్ని ఆంక్షలు రాసినా ఆమె పూర్తి యజమానే. అసలు ఈ సెక్షను ముసాయిదా సరిగా లేక కక్షిదారులకు గందరగోళం, వకీళ్లకు స్వర్గం అయిందని భగవతి గారు అందులోనే చురక వేశారు. మనం నవ్వుకోవచ్చు, కాని కోర్టు ఫీజు లేని మనిషి మొదలుపెట్టిన పోరు ముప్పై మూడేళ్లు నడిచింది. తీర్పు శీర్షిక చూడండి. ఆమె తదనంతరం అని ఆస్తి రాయించుకున్న ఆయన పేరు పక్కనే, మరణించారు, చట్టబద్ధ వారసుల ద్వారా అని ఉంటుంది.

తులశమ్మ తీర్పు న్యాయమైనదని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే అక్కడ జీవిత హక్కు అనే ఏర్పాటును రాయించింది అవతలి పక్షం. ఆస్తి చేతిలో ఉన్న మగవాడు, ఇవ్వక తప్పనిది ఇస్తూ, తిరిగి తన చేతికి వచ్చేలా రాయించుకున్నది. అయితే ఆ తర్వాత ప్రతి వీలునామాకూ దాన్ని అతికించవచ్చా అన్నది వేరే ప్రశ్న. మన రాష్ట్రం కేసులే మళ్లీ. 1991లో తోట శేషరత్నమ్మ కేసు, 2015లో జూపూడి పార్థసారథి కేసు వీలునామా ద్వారా వచ్చిన జీవిత హక్కును పూర్తి హక్కుగా పెంచాయి. రెండో దాంట్లో వీలునామా 1920 నాటిది. మూడో భార్యకు జీవితాంతం, ఆమె తదనంతరం కొడుక్కి అని. ఆమెకు భర్త మీద పోషణ హక్కు ముందే ఉంది కనుక పూర్తి హక్కు అన్నారు. 2022లో జోగీరామ్ కేసులో మరో ధర్మాసనం ఇంకోలా చూసింది. భర్తకు తన స్వార్జితంలో భార్యకు పరిమిత హక్కు ఇచ్చే స్వేచ్ఛ లేదా, అదే రెండో ఉపసెక్షను కదా అంది. చివరికి 2024 డిసెంబరు 9న తేజ్ భాన్ కేసులో జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ సందీప్ మెహతా, ఈ రెండు దారులూ కలవడం లేదని, పెద్ద ధర్మాసనం తేల్చాలని పంపారు.

ఆ ధర్మాసనం ఏం చెబుతుందో చెప్పడం నా పని కాదు. నా అభిప్రాయం చెప్పగలను. మొదటి భార్య పిల్లలున్న మనిషి, రెండో భార్యకు ఇల్లు జీవితాంతం, తర్వాత ఆ పిల్లలకు అని రాస్తే అందులో దురుద్దేశం ఎక్కడుంది? ఆమె హక్కును పూర్తిగా పెంచేస్తే, ఆమె ఆ ఇంటిని తన పుట్టింటివారికి రాయవచ్చు. మొదటి భార్య కూతురు వీధిలో పడుతుంది. ఆ కూతురూ హిందూ స్త్రీయే. అందుకని ఒకే కొలబద్ద సరిపోదు. ఆమెకు మరే ఆధారం లేకుండా, రావలసిన పోషణకు బదులుగా ఇచ్చిన ఆస్తి అయితే తులశమ్మ సూత్రం. వేరే ఆదరువు చూపించి, పిల్లల మధ్య న్యాయం కోసం వేసిన అంచె అయితే వీలునామా మాటే. ఇది తేల్చడానికి సాక్ష్యం కావాలి, రోజులు పడతాయి. పడనివ్వండి.

ఇవాళ మన జిల్లాల్లో ఈ ఏర్పాటు ఎక్కువగా వాడుకుంటున్నది వితంతువుల దాయాదులు కాదు, తల్లిదండ్రులు. కొడుకు డాలస్‌లో, కూతురు బెంగళూరులో. విజయవాడలో ఇల్లు. బతికుండగానే పిల్లల పేరున సెటిల్‌మెంట్ రాసి, ఇద్దరి జీవితాంతం ఇంట్లో ఉండే హక్కు, అద్దెలు తీసుకునే హక్కు తమ దగ్గర ఉంచుకుంటారు. స్వాధీనం ఇవ్వకుండా దానం ఎలా చెల్లుతుందని పేచీ ఉండేది. మన హైకోర్టు నుంచే వెళ్లిన రేణికుంట్ల రాజమ్మ కేసులో 2014లో ముగ్గురు జడ్జీల ధర్మాసనం దాన్ని తీర్చింది. రిజిస్టరై, పుచ్చుకున్నవారు అంగీకరిస్తే, దాత జీవితాంతం అనుభవం ఉంచుకున్నా దానం చెల్లుతుంది. ఇందులో ఊరట ఎంత ఉందో హెచ్చరిక అంత ఉంది. ఆ కేసులో దాత తర్వాత మనసు మార్చుకుని రద్దు దస్తావేజు రాశారు. అది నిలవలేదు. జీవిత హక్కు మీ నెత్తి మీది కప్పును కాపాడుతుంది. మీ పశ్చాత్తాపాన్ని కాపాడదు.

పశ్చాత్తాపానికి మందు వేరే చట్టంలో ఉంది. 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను ప్రకారం, చూసుకోవాలనే షరతు మీద ఇచ్చిన ఆస్తి పుచ్చుకుని చూడకపోతే ట్రిబ్యునల్ ఆ బదిలీ చెల్లదని ప్రకటించవచ్చు. షరతు ఉన్నట్టు కనబడాలని 2022లో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు పట్టుబట్టింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో ఉదారంగా చదవాలంది. రెండింటి మధ్య నలగడం దేనికి, షరతు రాసేస్తే పోతుంది. కాని మన దస్తావేజుల్లో ప్రేమాభిమానాలతో అని రాస్తారే గాని, ఈ ఒక్క వాక్యం రాయరు. కన్నబిడ్డ దగ్గర షరతు పెట్టడం నామోషీ అంటారు.

కూతురికి రాసేవారు ఇంకొకటి చూసుకోవాలి. వెస్టెడ్ హక్కు అంటే ఆమె మీ కంటే ముందు పోతే అది ఆమె వారసులకు దిగుతుందని మొదట చెప్పాను. పిల్లలు లేని కూతురైతే అది అల్లుడికి. తండ్రి ఆస్తి తండ్రి వైపుకే తిరిగి వస్తుందని చాలామంది నమ్మకం. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షనులో ఆ మాట ఉంది, కాని అది తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తికే. మీరు సెటిల్‌మెంట్‌గా ఇచ్చింది వారసత్వం కాదు. అల్లుడు మంచివాడైతే పేచీ లేదు. కాకపోతే మీరు ఉంటున్న ఇంటికి, మీ తదనంతరం ఎప్పుడా అని ఎదురుచూసే మనిషిని మీరే తెచ్చిపెట్టుకున్నట్టు.

నేను హిందూ చట్టమే ఎక్కువ చెప్పాను. హైదరాబాదు మిత్రులు ముస్లిం చట్టం ఏమంటుందని అడుగుతారు. హనఫీ పద్ధతిలో వస్తువునే జీవితాంతానికని ఇస్తే దానం పూర్తిగా చెల్లి, ఆ ఆంక్షే రాలిపోతుంది. అయితే వస్తువు వేరు, దాని ఫలానుభవం వేరు అన్న తేడా పట్టుకుని 1948లో నవాజిష్ అలీఖాన్ కేసులో ప్రీవీ కౌన్సిల్ దారి చూపించింది. ఫలానుభవాన్ని జీవితాంతానికి ఇవ్వవచ్చు. తులశమ్మ లాంటి ఆవిడ చేతిలో పెట్టిన తోటకు ఈ దృష్టి ఎంత దగ్గరగా ఉందో ఎవరైనా విడిగా రాయాలి.

ఇక్కడున్న యువ న్యాయవాదులకు, దస్తావేజు లేఖరులకు నా విన్నపం ఇది. జీవితాంతం అని రాసేముందు ఆ జీవితం ఎవరిదో, ఆ మాట ఎవరు కోరి రాయిస్తున్నారో అడగండి. తర్వాతివాడు ముందే పోతే ఏం కావాలో రాయించే మనిషి చేతే చెప్పించి, అప్పటికి బతికున్నవారికా, వారి వారసులకు కూడానా అన్నది తేటగా రాయండి. భార్యకు ఇస్తుంటే అది పోషణకు బదులా, దానికి అదనమా అన్నది ఒక వాక్యంలో పెట్టండి. పిల్లలకు ఇచ్చే తల్లిదండ్రుల చేత, నామోషీ అనుకున్నా సరే, చూసుకోవాలనే షరతు రాయించండి. ఇంటికి వెళ్లాక మీ సొంత ఇంటి కాగితం కూడా ఒకసారి తీసి చదవండి.